పటిక ముందా, తొక్కలు ముందా

వదినకి నమస్కారాలు.

ఇక్కడ అందరం కులాసా. దానిమ్మ తొక్కలు ఉడకేసి ఇంట్లోనే నూలుకి రంగు వేశాను. అచ్చం అమ్మ వేసే పసుపే వచ్చింది. ఒక్కసారి జాడించానో లేదో, రంగంతా నీళ్ళలోకి దిగి నూలు వెలవెలబోయింది. అమ్మ నీకు చెప్పి పోయిన కిటుకేదో కాస్త రాసి పంపు.

నీ ఆడపడుచు

తా.క. బకెట్ మాత్రం బంగారంలా మెరుస్తోంది.

చిట్టికి ఆశీస్సులు.

పటిక లేకుండా రంగెక్కడ నిలుస్తుందే తల్లీ! ముందు నూలుని పటిక నీళ్ళలో ఒక పూటంతా నానబెట్టు. ఆ తర్వాతే తొక్కల కషాయం. సన్నమంట మీద పెద్ద గిన్నెలో వేసి తెడ్డుతో తిప్పుతూనే ఉండాలి.

వదిన

తా.క. మీ అన్నయ్య నిన్ను అడిగానని రాయమన్నారు. ఆయనకి చెయ్యి ఖాళీ లేదు, పేపరు పట్టుకున్నారు.

వదినకి,

నువ్వు చెప్పినట్టే చేశాను. పెద్ద గిన్నె లేక ఇనుప మూకుట్లో వేశాను. నూలు బూడిద రంగుకి తిరిగింది. ఇనుము తగిలితే పసుపు చస్తుందట, పటిక అమ్మే ఆయన చెప్పాడు. ఆ ఒక్క ముక్కా ఎందుకు మింగేశావు? కన్నకూతుర్ని నేనుండగా అమ్మ ఈ విద్య నీ చేతిలో పెట్టి పోయింది. నాకు ఏడుపొస్తోంది. ఏం మందు పెట్టావో అమ్మకి!

ఇట్లు, కన్నకూతురు

తా.క. పొరపాటున మూకుట్లో పడ్డ మా ఆయన బనీనుకి పట్టిన బూడిద రంగు మాత్రం ఎంత ఉతికినా చెక్కుచెదరలేదు. అదే వేసుకుని ఆఫీసుకి వెళ్తున్నారు, నాతో మాట్లాడకుండా.

చిట్టికి,

నువ్వు మూకుడు ఎక్కిస్తావని నేను కలగన్నానా? మందు పెట్టానా నేను? పెట్టే ఉంటే ఇరవై ఏళ్ళలో ఒక్కసారైనా 'తిన్నావా' అని అడిగేది కదా అత్తయ్య!

వదిన

తా.క. మీ అన్నయ్య పేపరు ఇంకా అయిపోలేదు.

వదినా,

కోపాలొద్దు. ఒక్కటే చెప్పు. అమ్మ నన్నెందుకు పక్కన పెట్టింది? నేనేం తక్కువ చేశాను? నిజం రాయి, పడతాను.

చిట్టి

చిట్టికి,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. కాపురానికొచ్చిన మూడోరోజే నన్ను రంగు పొయ్యి ముందు కూర్చోబెట్టింది. "చిట్టికి కూడా నేర్పొచ్చుగా అత్తయ్యా" అన్నాను. "దానికెందుకే, చేతులు పాడైపోతాయి. చదువుకోనీ" అంది.

పటిక నీళ్ళకి నా వేళ్ళ సందులు పగిలేవి. నల్లరంగు కోసం కలిపే తుప్పు నీళ్ళు గోళ్ళ కింద దిగి ఇప్పటికీ పోలేదు. నువ్వంటే ప్రాణం కనక నీకు చెప్పలేదు. నేను కోడల్ని కనక నాకు చెప్పింది. నువ్వు కుళ్ళుకున్న ఆస్తి ఇదే.

సత్తు గిన్నె, తెడ్డు, మిగిలిన పటిక పార్సిల్లో పంపాను. కొలతలన్నీ ఈ కాగితం వెనక రాశాను.

వదిన

తా.క. చేతులకి రబ్బరు తొడుగులు వేసుకో. ఈ ముక్క మాత్రం మీ అమ్మ చెప్పింది కాదు.