పన్నెండు కంబాల కొఠీ

మాఘ శుద్ధ విదియ, 1938

సేటు దుకాణాల కొఠీ కూలుస్తారట. నిజామాబాద్ బజారు సడక్ వెడల్పు చేయాలని సర్కారు హుకుం. ఇరవై ఆరేళ్ల కింద నేనూ తమ్ముడు రాజన్నా ఎత్తిన కొఠీ.
కూలనీ.

తదియ

సేటు మనిషి వచ్చాడు. వసారా మోసే పన్నెండు టేకు కంబాలూ ఊడదీసి బోధన్ పట్టుకుపోతారట. చక్కెర ఫ్యాక్టరీ పక్కన కొత్త దుకాణాలు వేస్తాడట సేటు.
"గవి ఎట్ల ఇప్పాల్నో మావోళ్లకు సమజైతలేదు మిస్త్రీ."
ఎట్లా అవుతుంది? ఒక్క ఇనుప మేకు లేదు. కట్టెచీల కొట్టి, పైన చెక్కపువ్వు అతికించి మూసేయడం మా ఇంటి పద్ధతి. ఏ పువ్వు కింద చీల ఉందో రాజన్నకు తెలుసు, నాకు తెలుసు. రాజన్న లేడు.
రానన్నాను.

షష్ఠి

సేటే వచ్చాడు. నా వాకిట్లోకి! రాజన్న పెండ్లాం లచ్చవ్వ మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. మంచిగైంది.
"ఏం గావాలె? చెప్పు మిస్త్రీ."
తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాను. చివరికి అన్నాను — "బజార్ల అందరి ముందట చెప్పాలె సేట్. నా తమ్ముడు తాగి పడలేదని. నువ్విచ్చిన తాడు చీకిపోయిందని."
లేచి పోయాడు.
కొఠీ కట్టేప్పుడు దూలం ఎక్కిస్తుంటే తాడు తెగింది, రాజన్న పైనుంచి పడి చచ్చిపోయాడు. తెగిన కొస నా చేత్తో పట్టి చూశాను. లోపల నల్లగా చీకి ఉంది. కొత్త తాడు అడిగితే నవ్విన మనిషి, పోలీసు అమీను ముందర "కల్లు తాగి పడ్డడు" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. మాట రాలేదు. లచ్చవ్వను బావి దగ్గర ఇప్పటికీ తాగుబోతోని పెండ్లామనే అంటారు.

అష్టమి

పిలిపించాడు. కొఠీ మెట్ల మీద నిలబడి, బజారంతా వింటుండగా — "రాజన్న తాగలే. నేను తప్పు చెప్పిన."
పాన్ దుకాణపాయన ఊరుకోడు కదా — "గిన్నేండ్లకు యాదికొచ్చిందా సేట్!" నవ్వులు.
తాడు మాట ఎత్తలేదు.
సగం మాటకు సగం పని. ఆరు కంబాలు విప్పాను. నేను చెక్కినవి. ఉలి సంకన పెట్టుకుని వచ్చేశాను. వెనక సేటు అరుపులు… ఎంత హాయి.

దశమి

రంపం తెచ్చారట. నేను విప్పకుంటే రేపు మొదలంటా కోస్తారట. మిగిలిన ఆరూ రాజన్న చెక్కినవి. అది సేటుకు తెలుసు.
"కోయనియ్యకు బావా. ఆయన చేతిపని గదే మిగిలింది" — లచ్చవ్వ. చేట తీసుకుని బియ్యం చెరిగింది. మళ్లీ తనే — "గట్లని తాడు మాట ఇడిసిపెట్టకు."
రెండూ ఎట్లా.

ఏకాదశి

పొద్దున్నే పోయి కొఠీకి ఎదురుగా కూర్చున్నాను. రంపం కంబానికి ఆనించారు. సేటు నన్ను చూశాడు. నేను సేటును చూశాను. ఎండ నెత్తికెక్కింది. కూలివాళ్లు బీడీలు ముట్టించారు.
"కోయాల్నా, వద్దా సేట్?" — రెంజల్ నుంచి వచ్చిన కోత మేస్త్రీ. మూడుసార్లు అడిగాడు.
సేటు అన్నం తినొస్తానని ఇంటికి పోయాడు. పొద్దు గూకినా రాలేదు, రంపం కదల్లేదు.
రేపు నేను సద్ది కట్టుకుని పోతాను.