సంతకం నేనే పెట్టాను

నాన్నగారికి నాగశ్రీ నమస్కారాలు. ముక్త్యాలలో క్షేమంగానే ఉన్నాను. మీ మీద మాత్రం చాలా కోపంగా ఉంది. "మా అమ్మాయిని నీళ్లలోకి దింపొద్దండి" అని ఫోన్ చేశారట. తెరచాప పడవలు నేర్పే ఈ సంస్థవాళ్లు నన్ను మూడు రోజులు ఒడ్డునే కూర్చోబెట్టారు. పోయినేడు తమ్ముణ్ణి ఇక్కడికే పంపినప్పుడు లేని భయం ఇప్పుడెక్కడిది? నిన్న సంస్థకు అండగా ఉన్న పేరున్న నావికులు ఇద్దరొచ్చారు. వాళ్లలో పడవలో ప్రపంచం చుట్టివచ్చిన ఆవిడ, "నువ్వెక్కవా?" అని నన్నడిగారు.

"మా నాన్న వద్దన్నారండి."

"నీ వయసెంత?"

"పంతొమ్మిదండి."

"అయితే అనుమతి కాగితం మీద సంతకం నువ్వే పెట్టు."

పెట్టాను. ఆవిడ పక్కన కూర్చుంటే కృష్ణలో గంటసేపు పడవ నేనే నడిపాను. తెచ్చిన బట్టలన్నీ తడిశాయి, రెండు జతలు పంపమని అమ్మతో చెప్పండి. నానమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఆదివారం నన్ను తీసుకుపోవడానికి మీరొచ్చినా నేను రాను. అమ్మకు దణ్ణాలు.