పురుడు వెళ్లేదాకా ఆగకు

ఘనపూర్, 14-8-1976

చి. సౌ. సరోజనకు బాపు ఆశీస్సులు.

నేడు నీ చెల్లెలు విమలకు పురిటి అయిదవ దినం. జన్మకన్న పోషణమే పెద్ద సంస్కారమని ఈ దినమే నాకు బోధపడింది. శిశువు రొమ్ము పట్టలేక ఏడ్చి ఏడ్చి నీరసించింది. పాలు గడ్డకట్టి విమలకు జ్వరం వచ్చింది. మీ అమ్మ లేని ఇల్లు కదా. పైగా మైల అని పదిదినాలు ఎవరూ ముట్టవద్దని శాసించినవాణ్ణి నేనే. గడప ఇవతల కూర్చుండి శ్లోకాలు చదివాను.

ఉదయం మన పొలం పనికి వచ్చే సత్తెమ్మ ఆ ఏడుపు విని ఆగింది.

"అయ్యగారూ, గిన్ని పుస్తకాలు సదివిన్రు, పొల్లకు పాలు పట్టిచ్చుడు దేంట్ల రాయలేదా? పాలు లేక కాదు, పక్కన మనిషి లేక గిట్లయింది. జర తొవ్వ ఇడువుండ్రి!"

నేను పక్కకు జరిగాను. ఆమె వేడిగుడ్డతో కాపడం పెట్టి, విమల వీపుకు దిండు ఆనించి, బిడ్డ నోరు పెద్దగా తెరిచేదాకా ఓపిక పట్టి రొమ్ము అందించింది. బిడ్డ గుటక వేసిన చప్పుడు నాకు వినిపించింది.

కాని జ్వరం దిగలేదు. రెండవ రొమ్మును విమల ముట్టనివ్వడం లేదు. సత్తెమ్మ రేపటినుండి నాట్లకు పోవాలి. పురుడు వెళ్లేదాకా రావద్దని మొన్న రాసిన కార్డు చించివెయ్యి. ఇది అందగానే మీ మానుకోట దవాఖానలో నర్సును జ్వరం సంగతి అడిగి, దొరికిన బస్సుకు బయలుదేరు. మెత్తని పాత చీరలు తే. చిన్నవాడి దగ్గు తగ్గిందా? నీవు ఇటు వస్తే అల్లునికి వంట ఎవరు చేస్తారు?

ఈ ఇంట ఇకముందు ప్రసవించే ఏ తల్లీ తలుపు వెనుక ఒంటరిగా ఏడవకుండుగాక. వారి బిడ్డలు కడుపునిండ పాలు తాగి నిద్రింతురుగాక.

నరహరి