నలభై సెకన్ల నిద్ర

మాదాపూర్,
12 నవంబరు 2025.

నీహారికకు,

ఉమాశ్రీ నమస్కారాలు. నేను క్షేమం. నువ్వు క్షేమమని మన అంతస్తులో తగిలించిన అవార్డు ఫొటో చూస్తేనే తెలుస్తోంది. పక్క పక్క టేబుళ్ల మధ్య ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఎదురుగా నిలబడితే నాకు మాట రాదని ఆరో తరగతి నుంచీ నీకు తెలుసు.

ఆదివారం ఐలయ్యగారిని చూసి వచ్చాను. మూసాపేటలో మెట్రో దిగి, కార్ఖానా వెనక సందులో అడిగితే గది చూపించారు. కుడి కంటికి ఇంకా కట్టు ఉంది. కట్టు తీసినా చూపు రాదని దవాఖానలో చెప్పేశారట. నన్ను చూడగానే లేచి నిలబడి, "రా బిడ్డా, నీ డబ్బీ మంచిగున్నదా? దానికేం కాలే కదా?" అని అడిగాడు. వేడి కొలిచే మన సెన్సర్‌ని ఆయన డబ్బీ అనే అంటాడు. దానికేమీ కాలేదని చెప్పాను.

ఆయన భార్య పోచమ్మ మాత్రం ఊరుకోలేదు. "ఇగ ఎందుకొచ్చినవమ్మా? రెండో కన్నుకు ఇంకో డబ్బీ తెచ్చినవా?" అంది. ప్రయోగానికి ఏ కార్ఖానా ఒప్పుకోవడం లేదని మనం దిగులుపడుతుంటే, మన అంతస్తు తుడుస్తూ విని, "మా ఆయన ఇనుము ఒత్తే ప్రెస్సు నడుపుతడు, సేటును అడుగుతడు" అన్నది ఆమే. నీ అవార్డు గాజు పలకను రోజూ తుడిచేదీ ఆమే.

ప్రమాదం జరిగిన రోజు సంగతి నువ్వు కాగితం మీద చదివావు. నేను ఆయన నోట విన్నాను. కొలిమిలోంచి ఎర్రటి ఇనుప దిమ్మె బయటికి వచ్చింది. దాన్ని ప్రెస్సు కిందికి జరిపే గొలుసు ఇరుక్కుంది. అది వదిలేసరికి అర నిమిషం దాటింది. ఇరవై రెండేళ్లుగా రంగు చూసి వేడి చెప్పే మనిషి, "రంగు దిగింది సార్, మళ్ళ కొలిమిల వెయ్యాలె" అన్నాడు. సూపర్‌వైజర్ రమేష్ డబ్బీ పంపే అంకె కనిపించే తెర వైపు చూపించి, "పదకొండు వందల యాభై డిగ్రీలు చూపిస్తోందిగా ఐలయ్యా. నీ కన్ను గొప్పదా, మిషను గొప్పదా?" అన్నాడట. అందరూ నవ్వారట. ఐలయ్యగారు ప్రెస్సు దించాడు. చల్లారిన ఇనుము సాగలేదు. అచ్చు పగిలి ముక్క ఎగిరింది.

తెర మీద ఆ అంకె ఎందుకుందో ప్రాజెక్టు నడిపే నీకు తెలిసి ఉండాలి. బ్యాటరీ ఐదేళ్లు రావాలన్నావు. అందుకే డబ్బీ నలభై సెకన్లు నిద్రపోతుంది. ఒక్క క్షణం లేచి, వేడి చదివి, ఆ అంకెను గాలిలో పంపి మళ్లీ పడుకుంటుంది. మొదట్లో అది నిద్రపోయినంతసేపూ తెర మీద అంకె బదులు గీతలు వచ్చేవి. గీతలు చూస్తే కొనేవాళ్లు బెదురుతారు, తీసేయమన్నావు. గీతలు పోయాయి. వాటి చోట పాత అంకే కదలకుండా నిలబడింది. ఎలా పోయాయని నువ్వు అడగలేదు. మన పైఅధికారి రాజేందర్ సార్ మీటింగులో అంకెల పట్టిక చూసి "గివన్నీ సెన్సర్ చదివినవేనా, మధ్యల నింపినవి గిట్ల ఉన్నయా?" అంటే, చదివినవేనని తడుముకోకుండా చెప్పావు.

బళ్లో సిస్టర్ ఆగ్నెస్ రికార్డు పుస్తకాలు దిద్దుతూ, చూడని రీడింగుకు గడి ఖాళీగా వదలమనేది. లోలకం ప్రయోగంలో నువ్వు పక్క గడులు చూసి నింపావు. నీకు ఇరవైకి ఇరవై. నా ఖాళీ గడికి రెండు మార్కులు పోయాయి. అవి పోయినందుకు నేను ఇన్నేళ్లూ గర్వపడుతూనే ఉన్నాను.

శుక్రవారం ప్రమాదం మీద విచారణ. మన కంపెనీ పంపిన కాగితంలో తప్పు ఆపరేటర్‌దని ఉంది. అదే నిలబడితే ఆయన పని పోతుంది, ప్రమాదం పరిహారమూ రాదు. వచ్చేటప్పుడు ఐలయ్యగారు నన్ను గుమ్మం దాకా దిగబెట్టి, "నేనే రంగు తప్పు చూసిన్నేమో బిడ్డా. నిజంగ ఎంత వేడి ఉండె?" అని అడిగాడు. నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. ఆ సమయంలో డబ్బీ నిద్రపోతోంది.

శుక్రవారం నువ్వు లేచి నిజం చెప్పాలి.

ఒకప్పుడు నీ బెంచీలో కూర్చున్న
ఉమాశ్రీ

తా.క. ఉత్తరం మడిచాను. మళ్లీ విప్పాను. గీతలు ఎలా పోయాయని నువ్వు అడిగావు. లిఫ్టు దగ్గర, నా భుజం మీద చెయ్యి వేసి మరీ అడిగావు. డబ్బీ ప్రతి సెకనూ చదివేలా మార్చానని చెప్పాను. ఐదేళ్ల బ్యాటరీతో అది కుదరదని నీ మొహం చూసి చెప్పలేకపోయాను. నిద్రపోయినంతసేపూ పాత అంకె నిలిపే నాలుగు వరుసలు ప్రోగ్రాములో నేనే రాశాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. రాజేందర్ సార్ ఆ ప్రశ్న అడిగింది నన్ను. నేను తల వంచుకుంటే, నా మాట నమ్మి నువ్వు జవాబిచ్చావు. విచారణకు వెళ్లిన కాగితం కూడా నేను తయారుచేసిందే. అందులో 'ప్రెస్సు దించినప్పటి వేడి' అన్న గడిలో పదకొండు వందల యాభై అని నింపాను. ఇవాళ పొద్దున మన దగ్గరున్న ప్రతిలో అది కొట్టేసి, గడి ఖాళీగా వదిలి, పక్కన సంతకం పెట్టాను. దానితో పాటు, ఈ తా.క.తో సహా ఈ ఉత్తరం నకలు రాజేందర్ సార్‌కి ఇస్తున్నాను. శుక్రవారం లేవాల్సింది నేను.