కొండవ్వ నుదుటి మీది బొట్టు

నేను, స్వరాజ్యలక్ష్మి, కీర్తిశేషులు నర్సయ్య కూతురిని, వయస్సు అరవై ఏడు, రిటైరైన డ్రాయింగ్ టీచరును, సిద్దిపేట నివాసిని, నా ఇష్టపూర్తిగా రాసుకుంటున్న వీలునామా. నా మతి స్థిమితంగనే ఉన్నది. డాక్టరు కాగితం జతచేసిన. కోపం కూడ ఉన్నది, అది రోగం కాదు. ఇదివరకు రాసినవన్నీ రద్దు.

1. నా స్వార్జితమైన ఇల్లు తమ్ముని బిడ్డ వినీతకు చెందవలెను. ఈ వీలునామా అమలుపరిచే బాధ్యత కూడ ఆమెదే. బిడ్డా, మీ నాయిన ఏడిస్తే కరగకు. ఆ ఏడుపు నాకు చిన్నప్పటి నుంచి ఎరుకే.

2. తమ్ముడు కర్ణాకర్‌కు నా ఆస్తిలో ఎట్టి హక్కు లేదు. రేపు కోర్టులో అడుగుతరు గనుక కారణం రాస్తున్న.

బతుకంత నాట్లేసే, కలుపు తీసే ఆడోళ్లనే గీసిన. రాయపోల్ కొండవ్వ పొలం ఒడ్డు మీద కూసొని నడుం పట్టుకున్న బొమ్మ అందులో ఒకటి. ఆమె భర్త పోయిన మనిషి. ఉన్నది ఉన్నట్టు గీసిన. నా బొమ్మలు అమ్మిపెట్టే తమ్ముడు, నాకు చెప్పకుండ, బోర్డులు రాసేటాయనతోని ఆమె నుదుటికి ఎర్రబొట్టు, చేతులకు గాజులు పెట్టించిండు. అడిగితే, "బోడి మొకాన్ని గోడకు ఎవరు పెట్టుకుంటరక్కా, అరిష్టమంటరు" అన్నడు.

బొమ్మ కొన్నాయన దాన్ని క్యాలెండరు మీద అచ్చేయిస్తే, అది రాయపోల్‌కు చేరింది. కొండవ్వ బొట్టు పెట్టుకొని బొమ్మ గీయించుకున్నదని ఊరు నవ్వింది. మరిది ఆమెను వాకిట్ల నిలబెట్టి తిట్టిండు. ఆమె బస్సెక్కి నా ఇంటికొచ్చింది. కూసోమంటే కూసోలే.

"బొట్టు పెట్టుకోబుద్దైతే నేనే పెట్టుకుంట. నా మొకం మీద మీ తమ్మునికేం పనమ్మా?" అన్నది.

అప్పటి నుంచి ఆ ఊరి ఆడోళ్లు నన్ను చూస్తే కొంగు అడ్డం పెట్టుకుంటున్నరు. మల్ల నేను బొమ్మ గీసింది లేదు.

3. నా నీలం గద్వాల చీర లిడియాకు. దవాఖానల నర్సు డ్యూటీ చేసొచ్చి, నేను మంచాన పడ్డన్ని దినాలు నాకు గంజి కాచిపోసింది. నా చుట్టాలకు ఆ తీరిక దొరకలే.

4. నేను పోయినంక తమ్ముడు సంతాప సభ పెట్టి, నా కళ గురించి మాట్లాడరాదు. మైకు పట్టుకుంటే వినీత గుంజుకోవాలె.

5. కొన్నాయనను బతిమాలి ఆ బొమ్మ వాపసు తెచ్చిన. మందు పెట్టి తుడిస్తే గాజులు పోయినయి. నుదుటి మీద తోలు లేచినట్టు మచ్చ పడ్డది. నా చేతనైంది అంతే. ఈ బొమ్మ కొండవ్వకు చెందవలెను. వినీత స్వయంగ తీసుకపోయి ఇయ్యాలె, ఫోటోలు దిగొద్దు. గోడకు పెట్టుకుంటదో, పొయ్యిల పెట్టుకుంటదో ఆమె ఇష్టం. ఎందుకని ఎవ్వరూ అడగొద్దు.

సిద్దిపేట, 14 జులై 2024

(సంతకం) స్వరాజ్యలక్ష్మి

మా ఎదుట ఆమె చదువుకొని సంతకం చేసినందుకు సాక్షులు:
మైసయ్య, ఫ్రేములు కట్టే దుకాణం
పద్మమ్మ, పక్కింటామె