చెరొక బొప్పాయి

ప్రియమైన చిట్టికి,

అక్క దీవెనలు. మొక్కల దగ్గర పేచీ పడి మనం మాట మానేసి ఏడాదయింది. అవసరం నాది కనుక నేనే మెట్టు దిగుతున్నాను.

తోటమాలి నాన్న పోయే ముందు మొలిపించిన రెండు బొప్పాయిల్లో నాకొచ్చినది ఇల్లెత్తు పెరిగింది. పూస్తుంది, పిందె కట్టకుండానే పూత రాలిపోతుంది. కాయని చెట్టుకు చోటు దండగని నాకు ఇల్లు అద్దెకిచ్చిన ఇంటాయన వచ్చే నెలాఖరుకు కొట్టించేస్తానంటున్నాడు. నాన్న చేతి చెట్టు చిట్టీ, తలుచుకుంటే సూదిలో దారం కూడా ఎక్కడం లేదు. మంచి మొక్క నువ్వు పట్టుకుపోయావు, విరగకాస్తూ ఉంటుంది. ఏం ఎరువు వేస్తున్నావో రాయి.

ఇట్లు,
నీ కుట్టుమిషను అక్క

ప్రియమైన అక్కకి,

పొడుగు మొక్క లాక్కున్నది నువ్వు. నా చెట్టుకు ఇంతవరకు ఒక్క కాయ లేదు. నవ్వుతావని చెప్పలేదు.

నీ ఉత్తరం చదివాక నా పూలు ల్యాబుకు తీసుకెళ్లి, రోజూ రక్తపు చుక్కలు చూసే మైక్రోస్కోపు కింద పెట్టాను. నిండా పుప్పొడే. నాది పోతు చెట్టు, నీది ఆడ చెట్టయి ఉండాలి. ఈ పుప్పొడి నీ పువ్వు నెత్తిన పడితే ఒక్కో రేణువు సన్నటి గొట్టం వేసుకుంటూ లోపలికి దిగుతుంది. అక్కడ రెండు కణాలు కలిసి ఒకటవుతాయి. ఆ ఒకటి రెండై, రెండు నాలుగై గింజ తయారవుతుంది. గింజ పడితే పిందె నిలుస్తుంది. ఇందులో ఎరువు చేసేదేం లేదు.

డబ్బాలో పూలు పంపుతున్నాను. పొద్దున్నే కుంచెతో అద్దు.

నీ చిట్టి

చిట్టీ,

అద్దిన పూలన్నీ రాలిపోయాయి. నీ పూలు వాడిపోయి వచ్చాయని, ఇస్త్రీకి ముందు బట్టకు చల్లినట్టు కాసిని నీళ్లు చల్లి మరీ అద్దాను. ఇంక మూడు వారాలే ఉంది. నాకు భయంగా ఉంది.

అక్క

అక్కా,

నీళ్లు తగిలితే పుప్పొడి ఉబ్బి పగిలిపోతుంది తల్లీ. నిన్ను నమ్ముకుంటే అయినట్టే. శనివారం పొద్దుటి బస్సుకు నేనే వస్తున్నాను, పూలు ఒళ్లో పెట్టుకుని. తిట్టాలనుంటే పూలు అద్దాక తిట్టు.

చిట్టి

ప్రియమైన చిట్టికి,

నువ్వు నిచ్చెనెక్కి అద్దిన పదకొండు పూలలో ఏడు నిలిచాయని రాశాను కదా. నిమ్మకాయంత పిందెలు చూసి, గొడ్డలితో వచ్చిన మనిషిని ఇంటాయనే వెనక్కి పంపాడు. ఇన్ని నెలలకు నిన్న మొదటి పండు కోశాను. ఆయన రెండు ముక్కలు ఇక్కడే తిని, మూడోది చేత్తో పట్టుకుపోయాడు. చెట్టు తనదేనని వీధంతా చెబుతున్నాడు. నా సంతోషం ఇంతా అంతా కాదు.

ఒక మాట ఏడాదిన్నరగా నీ దగ్గర దాచాను. బొప్పాయి పూసేదాకా ఏది పోతో ఏది ఆడదో తనకూ తెలియదని, రెండూ ఒకే గుంటలో నాటమని నాన్న చెప్పారు. నువ్వు లేనప్పుడు నాతో చెప్పారు. ఎవరింట్లో నాటాలని మళ్లీ పేచీ ఎందుకని నీకు చెప్పలేదు. తప్పు నాదే.

గింజలు ఆరబెట్టాను. నీ వాటా మాత్రం పంపను. గుంట తవ్వి ఉంచాను, నువ్వే రా. తిట్లు కూడా అప్పుడే.

నీ అక్క