పద్నాలుగో తెడ్డు

శ్రీకాకుళం,
9 నవంబరు 2025, ఆదివారం.

బొబ్బిలిలో ఉన్న మా బావగారు ధర్మారావు గారికి, మరదలు ఝాన్సీ రెండు చేతులూ జోడించి నమస్కరించి రాస్తున్నది.

ఈ "గారు"లు చూసి నవ్వకు బావా. ఉత్తరం అంటే ఇలాగే మొదలవ్వాలని మా నాన్న అనేవాడు కదా, చెయ్యి దానంతటదే టైపు కొట్టేసింది. దీని తరవాత "ఇక్కడ అందరం క్షేమం" అని ఉండాలి. ఆ మాట కొట్టాను, చెరిపేశాను, మళ్ళీ కొట్టాను, మళ్ళీ చెరిపేశాను. నిన్న పొద్దుట తొమ్మిదింటి నుంచి ఏ పనీ సాగడం లేదు. అన్నం కలుపుకుని కూర్చుంటే కంచంలో చెయ్యి అలాగే ఉండిపోతోంది.

రెండేళ్ళయింది నీకు ఫోన్ చేసి. ఇప్పుడు చేసినా నువ్వు "ఊఁ" అంటావు, నేను ఏడుస్తాను, విషయం విషయంగానే ఉండిపోతుంది. అందుకని షాపులో బిల్లులు కొట్టే కంప్యూటర్ మీదే టకటకా కొట్టేస్తున్నాను. తప్పులుంటే సర్దుకో. మధ్యలో ఎవరైనా వస్తే లేచి వెళ్తాను, అక్కడక్కడ మాట తెగుతుంది.

షాపు బాగానే ఉంది. మామయ్యగారు వలలూ తాళ్ళూ అమ్మిన గదే, ఇప్పుడు సగం గదిలో వలలు, సగం గదిలో కెనో, కయాక్ పడవలూ లైఫ్ జాకెట్లూ. నాగావళిలో పొద్దున్నే పడవలేసే మా క్లబ్బు పిల్లలు అరవై మంది అయ్యారు. మొన్న కళింగపట్నం నుంచి ఒక వేటగాడు వచ్చి లైఫ్ జాకెట్ తొడుక్కుని అద్దంలో చూసుకుని, "ఇదేసుకుని వల తీస్తే సేపలు నవ్వుతాయి గదమ్మా" అన్నాడు. "నవ్వనీ తాతా, నువ్వు ఇంటికొస్తావు" అన్నాను. కొనుక్కుని వెళ్ళాడు. నువ్వుంటే "షావుకారమ్మా, నీ నోరే నీ పెట్టుబడి" అనేవాడివి.

ఇంక అసలు సంగతి. నీకు తెలిసిన ముక్కలు కూడా రాస్తాను, విసుక్కోకు. వరసగా రాసుకుంటూ వస్తేనే చివరిదాకా రాయగలను.

మూడేళ్ళ కిందట నేను మీ ఇంటికి వచ్చి, ప్లాస్టిక్ తెడ్లు అమ్మి అమ్మి విసుగొచ్చింది బావా, చెక్కవి చేసిపెట్టు అన్నప్పుడు నువ్వు వీణ కుండ తొలుస్తున్నావు. తలెత్తకుండానే, "పనస బరువు, దీనికి పనికిరాదు. గుమ్మడి టేకు అయితే తేలికగా ఉంటాది, నీల్లకి ఓర్సుకుంటాది" అన్నావు. రెండు ముక్కలు అతికించి చేస్తే తొందరగా అవుతుంది కదా అన్నాను. "వీణ ఏకాండి, తెడ్డూ ఏకాండే. అతుకులు కావాలంటే ఇంకోడి దగ్గరికెల్లు" అన్నావు. పక్కనే ఉన్న మా తాయారక్క నవ్వింది.

పద్నాలుగు చేశావు. ఒక్కొక్కటీ ఒక్కో మనిషి కొలతకి. నేను పిల్లల్ని నిలబెట్టి, కాలి వేలి నుంచి గడ్డం దాకా నైలాన్ తాడు పట్టి, ముడేసి పంపించేదాన్ని. తాడు పంపితే తెడ్డు తయారయ్యేది, పద్నాలుగూ అయ్యాకే ఇచ్చావు. మా క్లబ్బు పిల్ల యమునది పదకొండో తాడు. ఆ పిల్ల దాన్ని మొదటిసారి చేత్తో పట్టుకుని, "అక్కా, ఇది నా సెయ్యి పొడుగైనట్టుంది" అంది. ఆ మాట నీకు ఫోన్లో చెప్తే ఆ రోజు మాత్రం నువ్వు "ఊఁ" అనలేదు, "మల్లీ సెప్పు" అన్నావు.

తెడ్లు ఇచ్చిన రోజు ఒక మాట కూడా చెప్పావు. దీనికి ప్రాణం మెడలో ఉంటుంది, కాడ రెక్కలోకి దిగే చోట, లాగినప్పుడు బరువంతా అక్కడే పడుతుంది, నూనె పట్టించి గోడకి ఆనించి పెట్టు అని. నేను అన్నిటికీ సరే అన్నాను. అప్పుడు కూడా నా ఫోన్ మోగుతూనే ఉంది.

రెండేళ్ళ కిందట కార్తీకంలో పోటీ జరిగింది. వంతెన దగ్గర నీటి జోరులో యమున బలంగా లాగింది, తెడ్డు మెడ దగ్గర టక్కుమని విరిగింది. పడవ తిరగబడింది, పిల్ల వెళ్ళి స్తంభానికి కొట్టుకుంది. భుజం జారిపోయింది. ఎనిమిది నెలలు నీళ్ళలోకి దిగలేదు. రాష్ట్ర జట్టు ఎంపిక పోయింది. తెడ్డు ముక్కలు రెండూ ఏట్లో కొట్టుకుపోయాయి. మా కోచ్ నరసింగరావు గట్టు మీద అందరి ముందూ, "వీనలు సేసేవోడు వీనలు సేసుకోవాల గాని, పిల్లల పేనాల మీద పాట కడతాడేటి" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. నోరు మెదపలేదు. పైగా మర్నాడు నీకు ఫోన్ చేసి, నీ చెక్క మోసం చేసింది బావా అన్నాను. అమ్మినవన్నీ వెనక్కి రప్పించి, షాపులో ఉన్నవాటితో కలిపి, పన్నెండు తెడ్లు గోనెలో కట్టి బొబ్బిలి బస్సెక్కించాను. నువ్వు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. తెడ్డు చెయ్యడం మానేశావని తరవాత తాయారక్క చెప్పింది.

పన్నెండు పంపాను, ఒకటి విరిగింది. పద్నాలుగోది లెక్కలోకి రాలేదని అప్పుడు నేను చూసుకోలేదు. అది కూడా ఏట్లో వాడి వెనక్కి ఇచ్చినదే, లైఫ్ జాకెట్ల ర్యాక్ వెనకాల పడిపోయి ఉంది. పోయిన వారం ర్యాక్ జరిపితే దొరికింది, ఒంటి నిండా దుమ్ముతో.

నిన్న కొత్త కెనో ఒకటి విశాఖపట్నం నుంచి వచ్చింది. నదిలో వేసి చూద్దామని నరసింగరావు, యమున వచ్చారు. నేను కూడా వెళ్ళాను. చేతికి అదే దొరికింది, ఆ పద్నాలుగో తెడ్డు పట్టుకెళ్ళాను. పడవలో కూర్చున్నాను. నీళ్ళు చీలమండలోతు బావా, అంతే. ఒడ్డు బురదకి తెడ్డు ఆనించి పడవని కొంచెం తోశాను.

టక్.

అదే చప్పుడు. అదే చోట. కాడ నా చేతిలో ఉంది, రెక్క బురదలో పడుంది. యమున మొహం చూశాను. ఆ పిల్ల కుడి చెయ్యి తనకి తెలియకుండానే ఎడం భుజం మీదకి వెళ్ళింది.

నరసింగరావు ముక్కలు రెండూ ఏరాడు. యమున తీసుకుని, విరిగిన చోట వేలు పెట్టింది. సగం చిల్లు. మిగతా సగం రెండో ముక్కలో. గుండ్రంగా, కొలిచినట్టు. అందులోంచి తెల్లటి లప్పం పొడిపొడిగా రాలింది. దాని చుట్టూ చెక్క నల్లగా, మెత్తగా, నానిన అట్టలా ఉంది.

"అక్కా, ఇదేటి? ఇంత గుండ్రంగా సిల్లు ఎవులేసేరు?" అంది.

నేను, "ఏమో అమ్మా, వచ్చినప్పుడే ఉందేమో" అన్నాను.

ఈ మాట కొట్టి పది నిమిషాలు లేచి తిరిగొచ్చాను.

నరసింగరావు ఊరుకుంటాడా. "సూసేవా, నాను సెప్పలేదేటి! సిల్లున్న సెక్కకి లప్పమెట్టి అంటగట్టేడు ఆ వీనలాయన. ఇది పొరపాటు గాదు, మోసం. ఎల్లుండి క్లబ్బు గ్రూపులో పెడతాను, పేరుతో సహా" అన్నాడు. నేను తలూపాను. బావా, నేను తల ఊపాను.

ఆ చిల్లు నేను వేశాను.

నీ తెడ్లు గోడకి ఆనిస్తే షాపులో చోటు చాలలేదు. కాడ కిందకీ రెక్క పైకీ ఉంటే కొనేవాళ్ళ కంటికి ఆనుతుందని, పక్కన ఇనప సామాన్ల కొట్టులో డ్రిల్లు మిషన్ అడిగి తెచ్చి, ఒక్క మధ్యాహ్నంలో పద్నాలుగింటికీ మెడలోనే చిల్లు వేశాను. వరసగా మేకులకి వేలాడదీశాను. ఎంత అందంగా ఉన్నాయో అని ఫోటో కూడా తీసుకున్నాను. కొలత ఇచ్చినవాళ్ళు వచ్చి కొంటే చిల్లులో లప్పం పెట్టి, పైన వార్నిష్ ఒక పూత. నువ్వు లోపలిదాకా పట్టించిన నూనె ఆ చిల్లు గోడలకి లేదు కదా. నీళ్ళు అక్కడినుంచే తాగింది. ప్రాణం ఉంటుందన్న చోటే పొడిచాను.

నమ్ము బావా, నాకు తట్టలేదు. అప్పుడు విరిగినప్పుడు తట్టలేదు, నీకు ఫోన్ చేసినప్పుడు తట్టలేదు. చీర కొంగుకి పిన్ను పెట్టినట్టు చిల్లు వేసి మర్చిపోయాను. నిన్న యమున వేలు అందులోకి వెళ్ళినప్పుడు తెలిసింది. తెలిసిన ఆ క్షణంలోనే మళ్ళీ అబద్ధం ఆడాను చూడు, అదే నాకు మింగుడుపడటం లేదు. మొదటిది తెలియక. రెండోది తెలిసే.

విరిగిన ముక్కలు రెండూ ఈ ఉత్తరంతో పాటు గోనెసంచిలో పంపుతున్నాను. నువ్వే చూడు. జనవరిలో రాష్ట్ర జట్టుకి మళ్ళీ ఎంపిక. యమున ప్లాస్టిక్ తెడ్డుతో నేను మూడో స్థానం దాటలేనక్కా అంటోంది. ఆ పిల్లకి ఒక తెడ్డు చెయ్యమని నిన్ను అడగాలి. అడిగే మొహం నాకు లేదు. అయినా రాశాను, నాకోసం కాకపోయినా ఆ పిల్ల కోసం.

ముందు నీకు చెప్పాలనుకున్నాను. ఇది సంచిలో వేసి కుట్టేశాక క్లబ్బుకి చెప్తాను. షాపు ఉంటుందో పోతుందో తెలీదు. లైఫ్ జాకెట్ అమ్మే మనిషి మాట నమ్మకపోతే ఇంక ఏం కొంటారు నా దగ్గర.

అక్కకి నా దండాలు. నీకు ఏం చెప్పాలో తెలీడం లేదు.

ఇంకా నీ మరదల్నే అనుకుంటున్న,
ఝాన్సీ

తా.క. సంచి కుట్టేశాను, మళ్ళీ విప్పాను. సాయంత్రం అయిదయింది.

క్లబ్బు గ్రూపులో చిల్లు ఫోటో పెట్టి, "ఇది నేను వేశాను, లప్పం నేను పెట్టాను, ధర్మారావు గారి పనిలో తప్పు లేదు" అని రాశాను. నరసింగరావు అరనిమిషంలో ఫోన్ చేశాడు. "ఏటమ్మా ఇది, రెండేల్లు ఆ మనిసిని నా నోటితో తిట్టించేవు గదా" అని పెట్టేశాడు. యమున షాపుకి వచ్చింది. "కోపం తగ్గడానికి టయిమవుద్ది అక్కా. కొలత మాత్రం తీసుకో" అంది. తీశాను. నైలాన్ తాడు సంచిలో ఉంది, కొలత ముడి దాకా. రెండేళ్ళలో పిల్ల రెండంగుళాలు పెరిగింది.

తరవాత, నువ్వు ఇంట్లో ఉన్నావో లేదో కనుక్కుందామని తాయారక్కకి ఫోన్ చేశాను. అంతా చెప్పేశాను. అంతా విని అక్క, "ఒసే, మీ బావకి ఆ మూట ఇప్పిన రోజే తెలుసే" అంది.

పన్నెండు తెడ్లూ చిల్లులతోనే కట్టి నీకు పంపించాను కదా బావా! ఆ కోపంలో నా చేతులే కట్టాయి, నా కళ్ళే చూడలేదు. నువ్వు ఒక్కొక్కటీ తిప్పి చూశావట. వీణ తీగలు బిగించే బిరడాలకి తెచ్చిన కర్ర చిన్న చిన్న ముక్కలు కోసి, పన్నెండు చిల్లుల్లోనూ బిగించి, నున్నగా చేసి, నూనె పట్టించి గోడకి ఆనించి పెట్టావట. మరి దానికి సెప్పవేటి, నీ పేరు పోనాది గదా అని అక్క పోట్లాడితే, "నాకు వీన ఉన్నాది. దానికా షాపు తప్ప ఏటున్నాది" అన్నావట.

మోసగాడని అందరూ అంటూంటే రెండేళ్ళు అది మోశావు. నేను నీ చెక్క మీద వేసిన నింద నువ్వు నీ నెత్తిన పెట్టుకుని నా షాపుని కాశావు. ఈ నాలుగు మాటలు కొట్టడానికి అరగంట పట్టింది.

ఆ పన్నెండింట్లో ఒకటి నాకు ఇయ్యి బావా. అమ్మడానికి కాదు. గుమ్మంలోంచి వచ్చిన ప్రతి మనిషికీ ఆ బిరడా ముక్క చూపించి, అది ఎందుకుందో నేనే చెప్తాను. గోడకి ఆనించే పెడతాను. చోటు చాలకపోతే వలలు బయట పెట్టుకుంటాను. మేకు మాత్రం కొట్టను.